నీలగిరి తైలం ఇంట్లో వాడకం – మూడో పాఠం: చుక్కల లెక్క

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? తెల్లకాగితం మీద ఒక చుక్క వేసి, మర్నాటిదాకా వదిలేసి చూడమన్నాను. మచ్చ లేకుండా ఆరిపోతే మీ సీసా మంచిదే. జిడ్డు మరక మిగిలితే అందులో వేరే నూనె ఏదో కలిపారు. ఆ సీసా తలుపు బందులకి పనికొస్తుంది, ఒంటికి వద్దు.

ఈ తైలం మన జామాయిల్ తోటలదేనా అని చాలామందికి అనుమానం. చుట్టం వరస ఉంది గానీ అదే చెట్టు కాదు. మన పొలం గట్ల మీద పెంచేది కాగితం మిల్లులకి కర్ర కోసం. దాని ఆకులో నూనె తక్కువ. తైలానికి పేరు తెచ్చిన రకాన్ని 1843లో నీలగిరి కొండల్లో నాటారు, పేరు కూడా అక్కడి నుంచే వచ్చింది. ఆ ఆకు నలిపితే ముక్కుకి ఎక్కే ఘాటు సినియోల్ అనే పదార్థానిది. మందుల షాపులో అమ్మే తైలంలో ముప్పాతిక వంతుకి అటూ ఇటూగా ఉండేది అదే.

ఇక ఈ రోజు పని. మందుల షాపులో రెండు ఎం.ఎల్. సిరంజి ఒకటి కొనండి, సూది తీసేయండి. సిరంజిలోకి ఒక ఎం.ఎల్. తైలం రావాలంటే మీ సీసా మూతి నుంచి ఎన్ని చుక్కలు పడాలో లెక్కపెట్టండి. పుస్తకాల్లో ఇరవై అని రాస్తారు. నా సీసాకి ఇరవై ఏడు పట్టాయి. మూతి సన్నమైతే చుక్క చిన్నది, అంతే తేడా. మీ లెక్క సీసా మీద చీటీ రాసి అతికించండి. సిరంజిని వెంటనే సబ్బుతో కడిగేయండి, లోపలి రబ్బరుని ఈ తైలం ఉబ్బిస్తుంది. ఆ సిరంజి మళ్లీ పిల్లల మందుకి వాడకండి.

ఇంత లెక్క ఎందుకని మీరు అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. ఒక ఏడాది విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం చూడ్డానికి మధ్యాహ్నం నుంచి నిలబడ్డాను. ఇంటికొచ్చేసరికి మోకాళ్లు పీకేస్తున్నాయి. సీసా వంచి తైలం అరచేతిలో పోసుకుని, రాసేసి, పాత చీరముక్క బిగించి కట్టేశాను. అరగంటకి మంట. కట్టు విప్పితే ఎర్రగా కందిపోయి ఉంది. మా అత్తగారు చూసి, "ఓలమ్మ! కారం గాని రాసినావేటి?" అన్నారు. నీళ్లు పోస్తే మంట తగ్గలేదు. ఆవిడే గిన్నెలో కొబ్బరినూనె తెచ్చి గుడ్డతో అద్ది తుడిచారు, తర్వాత సబ్బుతో కడిగారు. అప్పటికి గానీ నిద్ర పట్టలేదు.

అందులో రెండు తప్పులున్నాయి. ఒకటి, కలపకుండా రాయడం. రెండు, కట్టు కట్టడం. గాలికి పోవాల్సిన తైలమంతా చర్మంలోకే దిగింది. నీళ్లు ఎందుకు పని చెయ్యలేదంటే ఈ తైలం నీళ్లలో కరగదు, పైన తేలుతుంది. స్నానం బకెట్లో చుక్కలు వేసుకునేవాళ్లు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి. తేలిన చుక్క చెంబుతో పాటు వచ్చి వీపు మీద నేరుగా పడుతుంది.

కాబట్టి కాళ్లకి రాసే నూనె ఇలా కలపండి. కొబ్బరినూనె వంద ఎం.ఎల్., తైలం రెండు ఎం.ఎల్., అంటే మీ చీటీ మీద లెక్కకి రెండింతల చుక్కలు. ముసలివాళ్ల పల్చటి చర్మానికి ఒక ఎం.ఎల్. చాలు. చలికాలంలో నూనె గడ్డకడితే సీసాని వేడినీళ్లలో నిలబెట్టి కరిగించండి, పొయ్యి మీద పెట్టకండి. తైలానికి తేలిగ్గా నిప్పు అంటుకుంటుంది. మాకు కొబ్బరినూనె శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి నుంచి పుట్టింటివాళ్లు పంపేవారు. 2018 తిత్లీ తుఫానుకి చెట్లు పోయాక మేమూ కొనుక్కునే రకమే అయ్యాం. నువ్వుల నూనె అయినా ఫర్వాలేదు, వాసనలో తేడా తప్ప.

ఇది నొప్పిని మాయం చెయ్యదు. చల్లగా, తర్వాత వెచ్చగా అనిపించి, కాసేపు బరువు దిగినట్టు ఉంటుంది. మర్దనా చేసిన చేతికీ అందులో సగం వాటా ఇవ్వాలి. అయినా నేను దీని వైపే మొగ్గుతాను. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లని పీడిస్తోందో అందరికీ తెలుసు. అలాంటి చోట పొలం నుంచి వచ్చి రోజూ ఒక నొప్పి మాత్ర మింగడం చూస్తే నాకు టెన్షన్. ఆ మాత్రల్లో చాలావాటికి కిడ్నీలని దెబ్బతీసే గుణం ఉంది. జబ్బు ముందే ఉన్నవాళ్లు ఈ నూనె గురించి కూడా డాక్టరుని అడిగే రాసుకోవాలి.

జలుబుకి ఆవిరి పట్టేవాళ్లకి రెండు చుక్కలు చాలు. గిన్నె పొయ్యి దింపాకే వెయ్యాలి. గిన్నెని ఒళ్లో పెట్టుకోకుండా బల్ల మీద పెట్టి, కళ్లు మూసుకుని, మూరెడు దూరం నుంచి పీల్చాలి. ముక్కు తెరుచుకున్నట్టు ఉంటుంది గానీ జలుబు తన టైముకే పోతుంది. ఆస్తమా ఉన్నవాళ్లకి ఈ ఘాటే ఆయాసం తెప్పించవచ్చు. పసిపిల్లలకి ఆవిరీ వద్దు, ముక్కు దగ్గర రాయడమూ వద్దు. కావాలంటే వావిలాకు వేసి కాచిన నీళ్ల ఆవిరి పెద్దవాళ్లు పట్టుకోవచ్చు, మా అమ్మ అదే చేసేది.

కడుపులోకి మాత్రం ఒక్క చుక్క కూడా వద్దు. తేనెలో వేసి నాకించమనే సలహా ఎక్కడ విన్నా పట్టించుకోకండి. ఒక చెంచాడు లోపలికి పోతే చిన్నపిల్లలకి మూర్ఛ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. పొరపాటున తాగితే వాంతి చేయించకండి, సీసా చేత్తో పట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తండి.

ఇల్లు తుడవడానికి వాడతారా? ఫినాయిల్ ఉండగా అది దండగ. స్టీలు గిన్నెల మీద స్టిక్కరు జిగురు, బట్టల మీద తారు మరక, వీటికి దీన్ని మించింది లేదు. దూదితో అద్ది రెండు నిమిషాలు ఆగి తుడవండి. బట్టకైతే ముందు అంచున చూసుకోండి. ప్లాస్టిక్ డబ్బాలకీ, థర్మోకోల్‌కీ తగలనివ్వకండి, తినేస్తుంది.

వచ్చే పాఠానికి పని ఒకటే. ఈ రోజు కలిపిన నూనె ఒక చుక్క మోచేతి లోపలి వైపు రాసి ఒక రోజు ఆగండి. దద్దురు గానీ దురద గానీ వస్తే ఆ నూనె మీకు పడదు. ఏమీ రాకపోతే చీటీ మీద తేదీ వేసి, ముదురు రంగు గాజుసీసాలో పోసి, పిల్లలకి అందని అటక మీద పెట్టండి. నాలుగో పాఠంలో దోమల సంగతి చూద్దాం.