జర్మనీలో వేరే ఊరి నంబరు కారుకు రెసిడెంట్ పార్కింగ్ పర్మిట్ ఎలా తీసుకోవాలి?

మ్యూనిక్‌లో రెండు మూడేళ్లు ఉద్యోగం చేసి బెర్లిన్‌కో, హాంబుర్గ్‌కో మారే మనవాళ్లు చాలామంది ఉన్నారు. కారు కూడా వెంట వస్తుంది. కొత్త ఊళ్లో ఇల్లు ఎలాగో దొరుకుతుంది కానీ, పాత అపార్ట్‌మెంట్లకు సొంత పార్కింగ్ ఉండదు. వీధిలో పెడదామంటే గంటకు ఇంతని మీటర్ కట్టాలి, లేదా ఆ వీధి నివాసులకు ఇచ్చే పర్మిట్ ఉండాలి. ఆ పర్మిట్‌ను బెవోనర్‌పార్క్‌ఆవుస్‌వైస్ అంటారు. మన కారు నంబరు వేరే ఊరిది, లేదా కారు స్నేహితుడి పేరు మీద ఉంది, లేదా కంపెనీ ఇచ్చింది అనుకోండి. పర్మిట్ ఇస్తారా, ఇవ్వరా అన్న టెన్షన్ అక్కడ మొదలవుతుంది.

చాలా సందర్భాల్లో ఇస్తారు. ఆఫీసు వాళ్లు చూసేవి ప్రధానంగా రెండు విషయాలు. మీరు ఆ జోన్‌లో నిజంగా ఉంటున్నారా? ఈ కారును రోజూ నడిపేది మీరేనా? జర్మనీ అంతటికీ వర్తించే ట్రాఫిక్ పాలనా నిబంధనల్లో ఈ మాట స్పష్టంగా ఉంది. ఒక నివాసికి ఒకే పర్మిట్. అది తన పేరు మీద రిజిస్టరైన కారుకు గానీ, తానే శాశ్వతంగా వాడుతున్నట్టు రుజువు చూపగల కారుకు గానీ ఇస్తారు. ప్లేటు మీద ఏ ఊరి అక్షరాలు ఉండాలన్న షరతు అందులో లేదు. ఈ రెండు ప్రశ్నలకూ కాగితం మీద జవాబు చూపగలిగితే చాలు.

ముందు మీ వీధి సంగతి చూడండి

అప్లికేషన్ పెట్టే ముందు మీ వీధి అసలు పర్మిట్ జోన్‌లో ఉందో లేదో చూసుకోండి. నగరం వెబ్‌సైట్‌లో మ్యాప్ ఉంటుంది, మీ ఇంటి నంబరు కొడితే జోన్ నంబరు చూపిస్తుంది. ఒక జోన్ ఎంత పెద్ద నగరంలోనైనా 1000 మీటర్లకు మించి విస్తరించకూడదన్నది నిబంధన. అంటే పర్మిట్ మీ ఇంటి చుట్టుపక్కల వరకే పనిచేస్తుంది. పక్క జోన్‌లో పెడితే మీరూ అందరిలాగే మీటర్ కట్టాలి.

బోర్డులు చదవడం కూడా నేర్చుకోవాలి. నీలం రంగు పీ బోర్డు కింద 'బెవోనర్ మిట్ పార్క్‌ఆవుస్‌వైస్' (పర్మిట్ ఉన్న నివాసులు) అని మాత్రమే ఉంటే అక్కడ పర్మిట్ ఉన్నవాళ్లు తప్ప ఇంకెవరూ పెట్టకూడదు, డబ్బు కట్టినా సరే. అదే వాక్యం చివర 'ఫ్రై' (మినహాయింపు) అని ఉంటే మిగతావాళ్లు మీటర్ కట్టి పెట్టుకోవచ్చు, పర్మిట్ ఉన్నవాళ్లకు ఆ డబ్బు అక్కర్లేదు. ఒక్క చిన్న మాటతో అర్థం మారిపోతుంది, చూసుకోండి.

అడ్రస్ రిజిస్ట్రేషన్ లేకుండా ఏదీ కదలదు

కొత్త ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు ఆన్‌మెల్డుంగ్, అంటే అడ్రస్ నమోదు, చేయించుకోవాలి. చట్టం చెప్పిన గడువు అది. ఇంటి ఓనర్ సంతకం చేసిన నివాస ధ్రువీకరణ పత్రం తీసుకుని పౌర సేవల ఆఫీసైన బ్యూర్గర్‌అమ్ట్‌కు వెళ్తే మీ పేరు ఆ అడ్రస్ మీద నమోదవుతుంది. పర్మిట్ ఆఫీసు చూసేది ఈ నమోదునే.

సబ్‌లెట్‌లో ఉంటున్న విద్యార్థులకు ఇక్కడే ఇబ్బంది వస్తుంది. 'ఉండండి కానీ ఆన్‌మెల్డుంగ్ మాత్రం వద్దు' అనే షరతుతో కొందరు గది ఇస్తారు. అలాంటి గదిలో ఉంటే పర్మిట్ రాదు. అద్దె ఒప్పందం చూపించినా, కరెంటు బిల్లు చూపించినా ఉపయోగం లేదు. కారు ఉన్నవాళ్లు గది ఒప్పుకునే ముందే ఈ విషయం తేల్చుకోవాలని గట్టిగా చెబుతాను. రెండు ఊళ్లలో రెండు ఇళ్లున్నవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. పర్మిట్ కావలసిన అడ్రస్ మీ ప్రధాన నివాసంగా నమోదై ఉండాలని చాలా నగరాలు అడుగుతాయి.

కారు మీ పేరు మీదే ఉంది, ప్లేటు మాత్రం పాత ఊరిది

ఇది అన్నిటికన్నా సులువు. 2015 జనవరి 1 నుంచి జర్మనీలో ఊరు మారినా పాత నంబరు ప్లేటే ఉంచుకోవచ్చు. మ్యూనిక్ 'ఎం' ప్లేటుతో బెర్లిన్‌లో ఎన్నేళ్లయినా తిరగొచ్చు. ప్లేటు మార్చనక్కర్లేదు కాబట్టి ఇంకేమీ చేయనక్కర్లేదని చాలామంది అనుకుంటారు. కానీ ప్లేటు మారకపోయినా రిజిస్ట్రేషన్ కాగితంలో అడ్రస్ మారాలి, అదీ ఆలస్యం లేకుండా.

ఆ కాగితం పేరు త్సూలాసుంగ్స్‌బెషైనిగుంగ్ టైల్ 1. మన ఆర్‌సీ లాంటిదే. పాత అలవాటుతో ఇప్పటికీ చాలామంది దీన్ని ఫార్‌త్సోయిగ్‌షైన్ అనే అంటారు. అందులో సి.1.1, సి.1.2 గడుల్లో మీ పేరు, సి.1.3 గడిలో అడ్రస్ ఉంటాయి. సి.1.3లో ఇంకా మ్యూనిక్ అడ్రసే ఉంటే ముందు కొత్త ఊరి వాహన రిజిస్ట్రేషన్ ఆఫీసులో దాన్ని మార్పించుకోండి. పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు, ఆన్‌మెల్డుంగ్ కాగితం, టైల్ 1, కారుకు బీమా ఉందని రుజువుగా ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చే ఈవీబీ నంబరు తీసుకెళ్లండి. టెక్నికల్ తనిఖీ గడువు, అంటే మనం మామూలుగా ట్యూవ్ అనేది, దాటిపోయి ఉండకూడదు.

ఈ పని ఆన్‌లైన్‌లోనూ అవుతుంది. మన రెసిడెన్స్ కార్డులోని ఆన్‌లైన్ ఐడీ సదుపాయం, దాని పిన్ చేతిలో ఉంటే ఆఫీసు అపాయింట్‌మెంట్ కోసం వారాలు ఎదురుచూడక్కర్లేదు. టైల్ 1 మీద గీకితే కనిపించే సెక్యూరిటీ కోడ్ ఉంటుంది. వెబ్‌సైట్ అడిగినప్పుడే గీకండి, ముందే వద్దు.

అడ్రస్ మారుస్తున్నప్పుడే ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా చెప్పాలి. ఊరు మారితే ప్రీమియం మారవచ్చు. మునుపు గ్యారేజీలో పెడుతున్నానని రాయించి ఇప్పుడు వీధిలో పెడుతుంటే ఆ మాట కూడా మార్పించాలి. రేపు ఏదైనా జరిగితే వాళ్లు ముందు చూసేది అదే.

కారు ఇంకొకరి పేరు మీద ఉంటే

ఎక్కువ ప్రశ్నలు వచ్చేది ఇక్కడే. భర్త ష్టుట్‌గార్ట్‌లో, భార్య మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నారనుకోండి. కారు భర్త పేరు మీద, ష్టుట్‌గార్ట్ అడ్రస్ మీద ఉంది, రోజూ నడిపేది మాత్రం భార్య. లేదా ఇండియాకు తిరిగి వెళ్లే స్నేహితుడు కారును కొన్నాళ్లు మీ దగ్గర ఉంచాడు. లేదా అన్నయ్య కొత్త కారు కొని పాతది మీకిచ్చాడు.

ఈ సందర్భాలన్నిటికీ కావలసింది నుట్సుంగ్స్‌యూబర్‌లాసుంగ్ అనే ధ్రువీకరణ పత్రం. కారు ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషిని హాల్టర్ అంటారు. తన కారును మీరు శాశ్వతంగా వాడుకోవడానికి ఇచ్చానని హాల్టర్ రాసి సంతకం చేసే కాగితమే ఇది. భార్యాభర్తలైనా సరే, పేర్లు వేరైతే కాగితం కావాలి. కొన్ని నగరాలు తమ సొంత ఫారం ఇస్తాయి. అది ఉంటే దాన్నే వాడండి, వాదనకు చోటుండదు. లేకపోతే తెల్లకాగితం మీద జర్మన్‌లో రాస్తే సరిపోతుంది. హాల్టర్ పూర్తి పేరు, అడ్రస్, మీ పూర్తి పేరు, అడ్రస్, కారు నంబరు, ఏ తేదీ నుంచి మీ దగ్గర ఉంది, మీరు దాన్ని శాశ్వతంగా, ప్రధానంగా మీరే వాడుతున్నారన్న వాక్యం, తేదీ, సంతకం. 'అప్పుడప్పుడు వాడుతుంటారు' అన్న అర్థం వచ్చే మాట రాయకండి. అప్పుడప్పుడు వాడే కారుకు పర్మిట్ ఇవ్వరు. దీంతోపాటు టైల్ 1 కాపీ, హాల్టర్ ఐడీ కాపీ జతచేయండి.

ఈ కాగితం నిజమైతేనే రాయండి. స్నేహితుడు వారానికి రెండు రోజులు మీ ఇంటికి వచ్చి వెళ్తాడని అతని కారుకు మీ పేరు మీద పర్మిట్ తీసుకోవడం తప్పుడు సమాచారం ఇవ్వడమే. వచ్చిపోయేవాళ్ల కోసం బెర్లిన్ లాంటి నగరాల్లో అతిథి పర్మిట్ విడిగా ఉంది.

ఇంకొక ముఖ్యమైన మాట. అవతలివాళ్ల కారు రోజూ మీరు నడుపుతుంటే వాళ్ల ఇన్సూరెన్స్‌లో డ్రైవర్‌గా మీ పేరు చేరి ఉండాలి. ఇండియా లైసెన్సు జర్మనీలో నివాసం మొదలైన తర్వాత 6 నెలల వరకే చెల్లుతుంది. ఆ తర్వాత జర్మన్ లైసెన్సు లేకుండా నడపకూడదు. పర్మిట్ ఇచ్చేటప్పుడు ఈ రెండూ అడగకపోవచ్చు. ప్రమాదం జరిగిన రోజు మాత్రం తప్పకుండా అడుగుతారు.

స్నేహితుడు ఇండియాకు శాశ్వతంగా వెళ్లిపోతుంటే అతని పేరు మీదే కారు ఉంచుకోవద్దని నా సలహా. అతనికి జర్మనీలో అడ్రసే ఉండదు కాబట్టి వచ్చే ఉత్తరాలు, ఫైన్లు, పన్ను నోటీసులు అన్నీ చిక్కులే. వెళ్లే ముందే మీ పేరు మీదికి మార్పించుకోండి.

కంపెనీ కారు, సబ్‌స్క్రిప్షన్ కారు

కంపెనీ ఇచ్చిన కారుకు హెచ్‌ఆర్ నుంచి గానీ, వాహనాలు చూసే విభాగం నుంచి గానీ లెటర్ తీసుకోండి. కారు నంబరు, మీ పేరు, సొంత పనులకూ వాడుకునే అనుమతి ఉందన్న మాట, కంపెనీ సంతకం ఉండాలి. లీజు కారైతే ముందు టైల్ 1 తీసి చూడండి. చాలా లీజుల్లో హాల్టర్‌గా మీ పేరే ఉంటుంది, అప్పుడు ఏ లెటరూ అక్కర్లేదు. ఈ మధ్య మన టెక్కీలు ఎక్కువగా తీసుకుంటున్న నెలవారీ సబ్‌స్క్రిప్షన్ కార్లు మామూలుగా ఆ కంపెనీ పేరు మీదే, వాళ్ల ఊరి నంబరుతోనే వస్తాయి. లెటర్ వాళ్ల దగ్గర రెడీగా ఉంటుంది, కస్టమర్ పోర్టల్‌లో అడిగితే పంపిస్తారు. ఒప్పందం ఆరు నెలలకే అయితే పర్మిట్ కూడా అంతవరకే ఇవ్వవచ్చు.

విదేశీ ప్లేటు అయితే దారి వేరు

నెదర్లాండ్స్‌లోనో, పోలండ్‌లోనో పనిచేసి ఆ దేశపు నంబరు కారుతో జర్మనీకి మారినవాళ్లు పర్మిట్ సంగతి కాసేపు పక్కన పెట్టాలి. విదేశీ ప్లేటుతో ఏడాది వరకు తిరగొచ్చు అనే మాట అందరి నోటా వినిపిస్తుంది. అది తాత్కాలికంగా వచ్చిన కార్ల గురించి. మీరు ఇక్కడ నివాసం పెట్టి, కారు రోజూ ఇక్కడే నిలబడుతుంటే దాన్ని జర్మనీలో రిజిస్టర్ చేయించాలి, వాహన పన్ను కూడా ఇక్కడే కట్టాలి. శాశ్వతంగా ఇక్కడే ఉంటున్నానని చెబుతూ విదేశీ ప్లేటుకు పర్మిట్ అడిగితే ఆ దరఖాస్తే మీ మీద ప్రశ్నగా మారుతుంది. ముందు రిజిస్ట్రేషన్, తర్వాత పర్మిట్. యూరోపియన్ యూనియన్ దేశం నుంచి తెచ్చిన కారుకు ఆ దేశపు రిజిస్ట్రేషన్ కాగితాలు, కారు యూరప్ ప్రమాణాలకు తగ్గట్టుందని తయారీదారు ఇచ్చే సీఓసీ పత్రం, కారు మీదేనన్న రుజువు, చెల్లుబాటయ్యే ట్యూవ్ రిపోర్టు, ఈవీబీ నంబరు కావాలి.

అప్లికేషన్, ఫీజు

పెద్ద నగరాల్లో ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు. టైల్ 1ను పూర్తిగా విప్పి, మడతల వెనక ఏదీ దాక్కోకుండా, వెలుతురులో స్కాన్ చేయండి. పేరు పాస్‌పోర్టులో, ఆన్‌మెల్డుంగ్‌లో, టైల్ 1లో ఒకేలా ఉందా అన్నది మనవాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక, మరోచోట పొడి అక్షరంగా ఉంటే ఫైలు ఆగిపోతుంది. తేడా ఉంటే దరఖాస్తులోనే ఒక వాక్యంలో వివరించండి.

ఫీజు ఊరిని బట్టి చాలా తేడాగా ఉంటుంది. 2020 వరకు దేశమంతటా ఏడాదికి 30.70 యూరోలే గరిష్ఠం. ఆ ఏడాది చట్టం మారి, ఎంత వసూలు చేయాలో రాష్ట్రాలు, వాటి ద్వారా నగరాలు తేల్చుకునే వీలు వచ్చింది. బెర్లిన్‌లో చాలాకాలం పాటు రెండేళ్లకు 20.40 యూరోలే ఉంటూ వచ్చింది. ఫ్రైబుర్గ్ 2022లో కారు పొడవును బట్టి ఏడాదికి 240 నుంచి 480 యూరోల దాకా పెంచింది, దాన్ని 2023 జూన్‌లో ఫెడరల్ పాలనా కోర్టు కొట్టేసింది. అందుకే స్నేహితులు చెప్పిన ఫీజును నమ్ముకోకుండా మీ నగరం పేజీలోనే చూసుకోండి.

పర్మిట్ చేతికి వచ్చేదాకా మీటర్ కట్టాల్సిందే. దరఖాస్తు పెట్టిన రసీదు చూపిస్తే వదిలేస్తారని అనుకోవద్దు. టికెట్ లేకుండా నిలిపితే ఎంతసేపు నిలిపారన్నదాన్ని బట్టి 20 నుంచి 40 యూరోలు ఫైన్. కొన్ని నగరాలు వెంటనే ప్రింట్ తీసుకునే తాత్కాలిక పర్మిట్ ఇస్తాయి, ఆ ఆప్షన్ ఉందేమో చూడండి.

చిన్న ఊరి నుంచి వచ్చిన కారుకు ఇంకొకటి కావాలి. పెద్ద నగరాల మధ్యభాగం చాలాచోట్ల కాలుష్య నియంత్రణ జోన్, అద్దం మీద ఆకుపచ్చ స్టిక్కర్ ఉండాలి. అది లేకపోతే ఆగి ఉన్న కారుకు కూడా 100 యూరోలు ఫైన్ పడుతుంది. స్టిక్కర్ మీద కారు నంబరు రాసి ఉంటుంది కాబట్టి ప్లేటు మారిస్తే స్టిక్కర్ కూడా మార్చాలి. పర్మిట్‌లో నంబరు కూడా అలాగే మార్పించాలి.

ఇండియాకు వెళ్లే ముందు

పర్మిట్ ఉంటే ఫలానా చోటు మీదని కాదు, వెతుక్కునే హక్కు మాత్రమే. సంక్రాంతికి నెల రోజులు ఊరెళ్తూ కారును వీధిలో వదిలి వెళ్లేవాళ్లు ఇది తప్పకుండా తెలుసుకోవాలి. ఎవరో ఇల్లు మారుతున్నారనో, రోడ్డు తవ్వుతున్నారనో తాత్కాలికంగా 'ఇక్కడ ఆపరాదు' బోర్డులు పెడతారు. మీరు పెట్టినప్పుడు ఆ బోర్డు లేకపోయినా సరే, బోర్డు పెట్టి మూడు పూర్తి రోజులు గడిచాక కారును తీయిస్తే, నాలుగో రోజు నుంచి ఆ ఖర్చు మీదేనని 2018లో ఫెడరల్ పాలనా కోర్టు తేల్చింది. మీరు సెలవులో ఉన్నారన్నది కారణంగా చెల్లదు.

కాబట్టి తాళం ఒక స్నేహితుడి దగ్గర ఉంచి, రెండు మూడు రోజులకొకసారి వీధి చూసి రమ్మని చెప్పండి. కారు జరపాల్సి వస్తే మీ జోన్ హద్దులోనే పెట్టాలని అతనికి మ్యాప్ పంపండి. పర్మిట్ గడువు మీరు ఇండియాలో ఉండగా ముగిసేటట్టుంటే బయల్దేరకముందే రెన్యువల్ పెట్టేయండి. గడువు దగ్గర పడిందని ప్రతి నగరమూ గుర్తుచేయదు.