వొలారె నేర్చుకోవాలంటే పల్లవి దగ్గర మొదలుపెట్టకండి

ఇటాలియన్ ఒక్క ముక్క రాకపోయినా "వొలారె, ఓ ఓ" అని కూనిరాగం తీసేవాళ్లు చాలామందే ఉంటారు. పాట మొత్తం పాడాలనుకుంటే ముందు అసలు రికార్డింగ్ పట్టుకోండి. దాని పేరు "నెల్ బ్లూ, దిపింతో ది బ్లూ", పాడింది దొమేనికో మొదూన్యో, సంవత్సరం 1958. ఉత్తినే వొలారె అని వెతికితే అమెరికన్ గాయకుడు డీన్ మార్టిన్ పాడింది ముందొచ్చే అవకాశం ఎక్కువ, అది బాగానే ఉంటుంది గానీ నేరుగా పల్లవితో మొదలవుతుంది, నేర్చుకోవడానికి పనికిరాదు.

ఎందుకంటే అసలు పాటకి ముందు ఒక సాకీ ఉంది. ఇలాంటి కల మళ్లీ రాదేమో, చేతులకీ మొహానికీ నీలం రంగు పూసుకుంటున్నాను, ఇంతలో గాలి నన్ను ఎత్తుకుపోయింది అని తీరుబడిగా, దాదాపు కబురు చెబుతున్నట్టు పాడతాడు. ఆ గాలి లేచాకే "ఎగరడం, పాడడం" అనే పల్లవి. సాకీ వదిలేసి పల్లవి అందుకుంటే మిగిలేది పెళ్లి బ్యాండు హుషారే. కాబట్టి మొదటి కొన్ని రోజులు సాకీ ఒక్కటే పాడండి, గొంతు పెంచకుండా.

ఆ నీలం మొహం ఎక్కడిదంటే, మొదూన్యోతో కలిసి సాహిత్యం రాసిన ఫ్రాంకో మిల్యాచ్చి చిత్రకారుడు మార్క్ షగాల్ బొమ్మల నుంచి పట్టుకున్నాడని చెబుతారు. సగం మొహం నీలంగా ఉన్న చిత్రకారుడు, గాల్లో తేలే కోడిపుంజు. షగాల్ బొమ్మలు ఒక పది నిమిషాలు చూసి రండి, సాకీలో ఏ మాట మీద ఆగాలో మీకే తెలుస్తుంది.

ఉచ్చారణ గురించి టెన్షన్ వద్దు. ఇంగ్లీషు పాటల అలవాటుతో ట, డ పలకకుండా మన త, ద వాడితే సగం పని అయిపోయినట్టే: కంతారె, దిపింతో. ఫెలీచెలో "చె", లస్సూలో ఒత్తు, చివరి అక్షరం మీద ఊనిక. స్తెల్లెలో ల్ల ని మింగేయకండి, మనకి ద్విత్వాలు కొత్తేం కాదుగా. ఒక్క ఫ, వ మాత్రం పై పళ్లు కింది పెదవికి తగిలేలా పలకాలి.

పల్లవిలో చేతులు చాచండి, సిగ్గుపడకండి. ఇటలీలో జరిగే సాన్‌రెమో పాటల పోటీలో మిగతా గాయకులు గుండె మీద చెయ్యేసుకుని కదలకుండా పాడే రోజుల్లో మొదూన్యో రెండు చేతులూ రెక్కల్లా చాచాడు. అతను నటన నేర్చుకున్నవాడు కదా, ఊరికే చాచలేదు. ఆ ఏడాది ఇదే గెలిచింది, ఒక్కో పాటని ఇద్దరు విడివిడిగా పాడే అప్పటి పద్ధతి ప్రకారం ఇదే పాటని జానీ దొరెల్లి కూడా పాడాడు. యూరప్ దేశాల మధ్య జరిగే పాటల పోటీ యూరోవిజన్‌లో మాత్రం మూడో స్థానం! మొదట వచ్చిన ఫ్రాన్స్ పాట ఇప్పుడు ఎంతమందికి గుర్తుందో మరి. అమెరికాలో ఇది 5 వారాలు నంబర్ వన్, 1959లో ఇచ్చిన మొట్టమొదటి గ్రామీల్లో సాంగ్ ఆఫ్ ద ఇయర్, రికార్డ్ ఆఫ్ ద ఇయర్ రెండూ దీనివే. మొదూన్యో సొంతూరు పొలిన్యానో అ మారెలో నిలబెట్టిన విగ్రహం కూడా చేతులు చాచే ఉంటుంది.

చాలామంది తప్పేది చివర్లో. తెల్లారితే కలలన్నీ పోతాయి, నేను మాత్రం నీ కళ్లలో కలగంటూ ఉంటాను అంటాడు, అంటే ఆకాశం నీలం కాస్తా ఆమె కళ్ల నీలం అయిపోతుంది. అందుకని ఆఖరి పల్లవి మొదటిదానికన్నా గట్టిగా కాదు, మెత్తగా పాడాలి.

ఇదంతా వచ్చాకే జిప్సీ కింగ్స్ అనే బృందం 1989లో చేసిన రుంబా వెర్షన్ వినండి. ముందే వింటే ఆ దరువు చెవిలోంచి పోదు.