చెన్నైలో ఆర్గానిక్ జెలటిన్: ఎంపిక, వాడకం, ఇంటి తయారీ

పశువుల, చేపల చర్మంలోను, ఎముకల్లోను, స్నాయువుల్లోను ఉండే కొలాజెన్ అనే మాంసకృత్తును ఆమ్లంలోనో క్షారంలోనో నానబెట్టి, వేడినీటిలో కరిగించి, వడకట్టి ఎండబెడితే వచ్చేదే జెల్లీలను గడ్డకట్టించే జెలటిన్. కనుక దానిని ఆర్గానిక్ అనాలంటే కర్మాగారం శుభ్రంగా ఉంటే చాలదు. ఆ పశువు తిన్న మేత, దానికి వాడిన మందులు, అది పెరిగిన తీరు కూడా ధ్రువీకరణ పరిధిలోకి రావాలి. అనేక చోట్ల నుంచి సేకరించిన ఎముకలను ఒకే తొట్టిలో కలిపే పరిశ్రమలో ఒక్కొక్క పశువు పుట్టుపూర్వోత్తరాలు తేల్చడం ఎంత కష్టమో ఊహించవచ్చు. అందుకే ‘గ్రాస్‌ఫెడ్’ (గడ్డి మేపి పెంచినది) అని రాసిన డబ్బాలు దొరికినంత సులభంగా నిజమైన ఆర్గానిక్ డబ్బాలు దొరకవు. గ్రాస్‌ఫెడ్ అన్నది మేతకు సంబంధించిన మాట మాత్రమే. దానిని ఆర్గానిక్‌కు మారుపేరుగా తీసుకోకూడదు.

డబ్బా చేతికి రాగానే ధర కంటే ముందు ముద్రలు చూడాలి. కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం మన దేశంలో ఆర్గానిక్ అని అమ్మే ఆహారానికి ఎన్‌పీఓపీ (జాతీయ ఆర్గానిక్ ఉత్పత్తి కార్యక్రమం) లేదా పీజీఎస్-ఇండియా (రైతు బృందాలు ఒకరినొకరు తనిఖీ చేసుకునే పద్ధతి) ధ్రువీకరణ ఉండాలి. ఆ ధ్రువీకరణకు చెందిన ఆర్గానిక్ చిహ్నం, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు సంఖ్య డబ్బాపై కనిపించాలి. చతురస్రంలో గోధుమరంగు గుర్తు అది మాంసాహారమని చెబుతుందే కాని, ఏ జంతువుదో చెప్పదు. అది ఎద్దుదా, పందిదా, చేపదా అన్నది పదార్థాల పట్టికలో లేకపోతే అమ్మకందారును రాతపూర్వకంగా అడగడం మేలు. మన ఇళ్ళలో ఈ ప్రశ్న రుచికి మాత్రమే సంబంధించింది కాదు కదా. పారీస్ కార్నర్, జార్జ్ టౌన్ వైపు బేకరీ సామాను దుకాణాల్లో పెద్ద సంచి నుంచి తూచి ఇచ్చే విడి పొడికి ఈ వివరాలేవీ ఉండవు కాబట్టి ఆర్గానిక్ కావాలనుకునేవారికి అది పనికిరాదు. ‘కొలాజెన్ పెప్టైడ్స్’ అన్న డబ్బా కూడా వేరే సరుకు: అది చల్లని నీటిలో కరుగుతుంది, ఎంతసేపు ఉంచినా గడ్డకట్టదు.

ఇక ప్రయోజనాల విషయానికి వస్తే, ప్రచారంలో సగం తీసివేసి వినడం మంచిది. జెలటిన్‌లో దాదాపు 85 శాతానికి పైగా మాంసకృత్తే. గ్లైసిన్, ప్రోలిన్ అనే అమైనో ఆమ్లాలు అందులో సమృద్ధిగా ఉంటాయి. అయితే ట్రిప్టోఫాన్ అసలు లేదు, అందువల్ల పప్పు, పాలు, గుడ్లకు అది ప్రత్యామ్నాయం కాలేదు. 2017లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో ఎనిమిది మంది యువకులు వ్యాయామానికి గంట ముందు విటమిన్ సి కలిపిన 15 గ్రాముల జెలటిన్ తీసుకున్నప్పుడు కొలాజెన్ తయారీ సూచిక రక్తంలో పెరిగింది. అది ఆశ కలిగించేదే కాని, మోకాళ్ళ నొప్పి పోతుందనడానికి సాక్ష్యం కాదు. ఆర్గానిక్ అయినంత మాత్రాన ఈ అమైనో ఆమ్లాలు పెరగవు. పశుపోషణ పద్ధతి నచ్చి కొనేవారికే ఆ అదనపు ధర సార్థకం.

డబ్బా దొరకనప్పుడు, నిజానికి దొరికినప్పుడు కూడా, నా ఓటు ఇంటి తయారీకే. మేక కాళ్ళలో మాంసం తక్కువ, చర్మం, స్నాయువులు ఎక్కువ. ఆ కారణంగానే అవి జెలటిన్‌కు శ్రేష్ఠం. సైదాపేటలోనో మీ వీధిలోనో తెలిసిన దుకాణంలో ‘ఆట్టుకాల్’ అని అడిగి, కాల్చి శుభ్రం చేసి ముక్కలు కొట్టించి తెచ్చుకోవాలి. మేకలు ఏ ఊరివో, మేతకు వదిలి పెంచినవో కాదో అప్పుడే అడగవచ్చు. ఆ జవాబు ధ్రువపత్రం కాదు, అయినా పేరు తెలియని పొడి కంటే మెరుగు. పసుపు రాసి కడిగి, మునిగేంత నీటిలో ఒక పొంగు రానిచ్చి, ఆ మురికి నీటిని పారబోయాలి. తరువాత నాలుగు కాళ్ళకు లీటరున్నర నీరు, అల్లం, మిరియాలు వేసి, కుక్కర్‌లో ఒక కూత వచ్చాక చిన్న మంటపై గంటసేపు ఉడికించాలి. పెద్ద మంట మీద అదేపనిగా మరిగిస్తే కొలాజెన్ అణువులు మరీ చిన్నవిగా విరిగి, గడ్డకట్టే బలం తగ్గుతుంది. వడకట్టిన రసాన్ని వెడల్పు గిన్నెలో త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే, మరునాటికి పైన కొవ్వు పేరుకుని, కింద రసం కదిలిస్తే వణికే ముద్దగా మారుతుంది. ముద్ద కాకపోతే నీరు ఎక్కువైందన్నమాట. మూత తీసి మరికొంత ఇగర్చాలి. చింతాద్రిపేట చేపల బజారులో దొరికే తలలు, తోలుతో కూడా ఇలాగే చేయవచ్చు, వాటికి మామూలు గిన్నెలో ముప్పావుగంట చాలు; కాని ఆ ముద్ద ఇంకా తక్కువ వేడికే కరిగిపోతుంది, వాసనా నిలుస్తుంది.

తీపి వంటకాలకు ఈ రసం పనికిరాదు, పొడే కావాలి. దానిని ముందు చల్లని నీటిలో పది నిమిషాలు ఉబ్బనిచ్చి, తరువాత వేడి పాలలోనో పండ్ల రసంలోనో కలపాలి. అరలీటరుకు 7 గ్రాములు చాలునని చాలామంది చెబుతారు. జెలటిన్ జెల్లీ దాదాపు 30, 35 డిగ్రీల మధ్యే కరుగుతుంది కాబట్టి చెన్నై మే నెలలో బల్ల మీద ఎక్కువసేపు నిలవదు; 10 గ్రాములు వేస్తే కాస్త గట్టిగా ఉంటుంది, అయినా వడ్డించేదాకా ఫ్రిజ్‌లోనే ఉంచాలి. పచ్చి అనాస, బొప్పాయి, కివీ ముక్కలు వేస్తే వాటిలోని ఎంజైములు జెలటిన్‌ను విరిచేస్తాయి, జెల్లీ గట్టిపడదు. ముక్కలను ముందే ఉడికిస్తే ఆ చిక్కు ఉండదు.

శాకాహారులకు చైనా గ్రాస్, అంటే తమిళ దుకాణదారులు కడల్ పాసి అనేది, సముద్రపు నాచు నుంచి వస్తుంది. అది చెన్నై ఎండకు కరగదు, కాని అందులో కొలాజెన్ కూడా లేదు. ‘వెజ్ జెలటిన్’ పొట్లాల సంగతీ అంతే. ఇంట్లో తీసిన రసాన్ని ఫ్రిజ్‌లో మూడు, నాలుగు రోజులకు మించి ఉంచకుండా, మిగిలినది ఐస్ ట్రేలో పోసి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే, రసానికో పులుసుకో కావలసినప్పుడు రెండేసి ముక్కలు తీసి వేసుకోవచ్చు.