కుటుంబ పాత్రలు, ఆశలు, సాహిత్యం: కాలేజీ తరగతిలో బోధించే పద్ధతి

కుటుంబంలో ఎవరు ఏం చేయాలో సాధారణంగా ఎవరూ ఎవరికీ కూర్చోబెట్టి చెప్పరు. జరగవలసిన పని ఆగిపోయిన రోజునే అది ఇంతకాలం ఎవరి మీద నడుస్తున్నదో ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. అందువల్ల కుటుంబ పాత్రలను, వాటి చుట్టూ అల్లుకున్న ఆశలను సాహిత్యం ద్వారా బోధించదలచిన అధ్యాపకులు, ఎవరైనా తన పాత్రను నిర్వర్తించలేకపోయిన లేదా నిర్వర్తించడానికి నిరాకరించిన ఘట్టం ఉన్న రచనలను ఎంచుకోవాలి. తరగతి సమయంలో ఎక్కువ భాగం ఆ ఘట్టం మీదే గడపాలి. ఆదర్శమూర్తి అయిన తల్లి, త్యాగశీలి అయిన అన్న, విధేయురాలైన కూతురు కనిపించే రచనల మీద విద్యార్థులు వ్యాసాలు బాగానే రాస్తారు. అయితే ఆ వ్యాసాల్లో, రచన చదవకముందే వారికి తెలిసిన మాటలే తిరిగి కనిపిస్తాయి.

రచనల ఎంపిక

ఒక సెమిస్టరుకు నాలుగైదు రచనలు చాలు. అంతకు మించితే ప్రతిదాన్నీ సారాంశంగా చెప్పుకుంటూ పోవలసి వస్తుంది. ఈ అంశమో సారాంశానికి చిక్కదు, వాక్యం వాక్యం దగ్గర ఆగి చదివితేనే దొరుకుతుంది. జాబితా వేసుకునేటప్పుడు కుటుంబమంటే భార్యాభర్తల సంబంధం ఒక్కటే అన్నట్టు తయారు కాకుండా చూసుకోవాలి. గురజాడ అప్పారావు 1910లో ప్రచురించిన ‘దిద్దుబాటు’ చిన్నది కాబట్టి దానితో మొదలుపెట్టవచ్చు. పెళ్లి తర్వాత ఇంటి పనిలో పడి తన పేరే మరచిపోయిన గృహిణి కథ, పి. సత్యవతి రాసిన ‘ఇల్లలకగానే’ తర్వాత వస్తే బాగుంటుంది. తండ్రి చేసిన అప్పు కొడుకుల మీదికీ మనవల మీదికీ ఎలా దిగుతుందో చూడడానికి కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’, ఇంటికి సంపాదించిపెట్టే కొడుకు సంపాదించలేకపోతే ఏమవుతుందో చూడడానికి 1915లో వెలువడిన కాఫ్కా జర్మన్ కథ ‘మెటామార్ఫసిస్’, చివరగా 1879 నాటి నార్వే రచయిత ఇబ్సెన్ నాటకం ‘ఎ డాల్స్ హౌస్’ పెట్టుకోవచ్చు. ఈ వరుస కాలక్రమాన్ని పాటించదు. చదవడానికి పట్టే శ్రమను బట్టి, చిన్న కథ నుంచి పెద్ద రచనకు వెళుతుంది. ‘యజ్ఞం’ చివర పసివాడి హత్య ఉంది కనుక ఆ సంగతి విద్యార్థులకు ముందే చెప్పాలి. కథలోని ఆశ్చర్యం కొంత పోయినా పరవాలేదు.

సిద్ధాంతంతో మొదలుపెట్టకపోవడం మంచిది. అమెరికన్ సామాజికశాస్త్రవేత్తలు టాల్కాట్ పార్సన్స్, రాబర్ట్ బేల్స్ 1955లో కుటుంబ పాత్రలను సంపాదన వైపు ఒకటిగా, అనురాగ పోషణ వైపు ఒకటిగా విభజించి చూపారు. దానిని మొదటి రోజే చెబితే విద్యార్థులు ప్రతి పాత్రనూ ఆ రెండు గడుల్లో పడేసి చేతులు దులుపుకుంటారు. రెండు మూడు రచనలు చదివిన తర్వాత చెబితే, ఆ విభజనలో ఇమడని మనుషులను వాళ్లే చూపిస్తారు. అప్పుడు సిద్ధాంతాన్ని ప్రశ్నించడం కూడా అదే పాఠంలో జరిగిపోతుంది.

మొదటి కథ, మూడు ప్రశ్నలు

‘దిద్దుబాటు’ను తరగతిలో బయటికి చదివించి, ఇల్లు విడిచి పుట్టింటికి వెళుతున్నానని గోపాలరావు భార్య కమలిని రాసిపెట్టిన ఉత్తరం బయటపడే చోట ఆపండి. అప్పటివరకు చదివిన భాగం మీద విద్యార్థులు మూడు ప్రశ్నలకు జవాబు రాయాలి. ఎవరు ఎవరి నుంచి ఏమి ఆశిస్తున్నారు? ఆ ఆశ నోటిమాటగా వచ్చిందా, కథకుడి వాక్యంలో ఉందా, లేక ఏదో ఒక చేష్టలో మాత్రమే కనిపిస్తుందా? అది నెరవేరకపోతే నష్టం ఎవరికి? ప్రతి జవాబు పక్కన ఆధారమైన వాక్యాన్ని కథలో ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయాలి. వాక్యం చూపలేని జవాబును తప్పు అని కొట్టివేయకుండా విడిగా ఒక పక్కన ఉంచమనండి. పాఠకుడు తన ఇంటి నుంచి తెచ్చి కథలో పెట్టిన ఆశలు సాధారణంగా అక్కడే పోగవుతాయి.

ఈ కథ ఈ పనికి చక్కగా అమరడానికి కారణం దాని మొదటి మాటే. అర్ధరాత్రి దాటాక ఇంటికి వచ్చిన గోపాలరావు ‘తలుపు’ అని పిలుస్తాడు. వేళ కాని వేళ వచ్చినా లోపల ఒకరు మేలుకొని ఉంటారనీ, లేచి తీస్తారనీ ఆ ఒక్క పిలుపులో ఎంత నమ్మకం ఉందో విద్యార్థులకు మొదటి చదువులో తట్టదు. తలుపు తెరుచుకోకపోవడంతో ఆ నమ్మకం కనిపించడం మొదలవుతుంది. ఉత్తరంలో భార్య తనను ‘అయ్యా’ అని సంబోధించినందుకు అతను నొచ్చుకునే చోట మరొకసారి ఆగాలి. ఆమె ఉండాలన్న ఆశ ఒకటి, ఆమె ప్రేమగా పిలవాలన్న ఆశ మరొకటి. రెండూ ఒకే గదిలో, నిమిషాల తేడాలో భంగపడ్డాయి. భార్య మీద చూపలేని కోపం పని మనిషి రాముడి మీద తీరుతుంది. కుటుంబ పాత్రల పట్టికలో రాముడిని చేర్చాలా వద్దా అని అడిగితే తరగతి తప్పనిసరిగా రెండుగా చీలుతుంది. ఆ చీలికను తొందరపడి సర్దకండి.

ముగింపులో మంచం కింది నుంచి నవ్వు, గాజుల చప్పుడు వినిపించగానే విద్యార్థులూ నవ్వేసి పుస్తకం మూయబోతారు. కమలిని నిజంగా వెళ్లిపోయి ఉంటే ఈ దిద్దుబాటు జరిగేదా అన్న ప్రశ్నను అప్పుడే వేయాలి. భర్త మారాలంటే భార్య ఒక నాటకం ఆడవలసి వచ్చింది. ఆ చాకచక్యం కూడా ఆమె మీద పడ్డ మరో బాధ్యతేనా అన్నది ఇంటి దగ్గర ఒక పేజీ రాసుకురావడానికి తగిన విషయం.

‘ఇల్లలకగానే’కు ఒక్క తరగతి సరిపోతుంది. కథలో ఆ గృహిణిని ఎవరెవరు ఏ పిలుపుతో పిలుస్తారో వరుసగా రాయించి, ఆ జాబితాలో ఆమె పేరు ఎక్కడ చేరుతుందో, దాన్ని గుర్తు చేసింది ఎవరో చూపించండి.

కాఫ్కా కథకు ఎక్కువ సమయం

‘మెటామార్ఫసిస్’ మూడు భాగాల కథ కనుక మూడు తరగతులు కేటాయించవచ్చు. నా అభిప్రాయంలో ఈ అంశానికి ఇంతకంటే ఉపయోగపడే రచన అరుదు. ఇంటికి సంపాదించిపెట్టే కొడుకు గ్రెగర్ పురుగుగా ఎందుకు మారాడు, ఏ పురుగుగా మారాడు అన్న చర్చ మొదటి గంటను మింగేయకుండా చూసుకోవాలి. విద్యార్థులను నాలుగు జట్లుగా విడదీసి తండ్రిని, తల్లిని, చెల్లెలు గ్రీటాను, గ్రెగర్‌ను ఒక్కో జట్టుకు అప్పగించండి. ప్రతి భాగం పూర్తయ్యాక ఆ వ్యక్తి సంపాదన, ఇంట్లో చేసే పని, గ్రెగర్‌తో ప్రవర్తించే తీరు ఈ మూడింటినీ ఆధార వాక్యాలతో నమోదు చేయాలి.

మూడు భాగాల నమోదులను పక్కపక్కన పెట్టినప్పుడు అసలు పాఠం మొదలవుతుంది. గ్రెగర్ ఊళ్లు తిరిగి సరుకులు అమ్ముతూ, తల్లిదండ్రులు తన యజమానికి బాకీపడ్డ అప్పు తీరుస్తున్న కాలంలో తండ్రి శక్తి ఉడిగిన వృద్ధుడు. కొడుకు జీతం ఆగిపోయిన తర్వాత అదే తండ్రి బ్యాంకు ఉద్యోగి యూనిఫాంలో నిటారుగా నిలబడతాడు. తల్లి కుట్టుపని చేస్తుంది. గ్రీటా దుకాణంలో అమ్మకాల పనిలో చేరుతుంది. చేతకానివాళ్లు అనుకున్న వాళ్లందరికీ చేతనైంది. ఇంకొక వివరాన్ని విద్యార్థులు దాదాపు ఎప్పుడూ దాటిపోతారు: గ్రెగర్ ఇచ్చిన జీతంలో కొంత ఖర్చుకాకుండా మిగిలి తండ్రి దగ్గర ఉంది. ఆ డబ్బుతో అప్పు త్వరగా తీరి తను ఆ ఉద్యోగం నుంచి బయటపడి ఉండేవాడినని గ్రెగర్‌కు తోచినా, తండ్రి చేసిన ఏర్పాటే మంచిదని సరిపెట్టుకుంటాడు. ఆ పేరా దగ్గర అరగంట గడిపినా వృథా కాదు. తన మీద ఇతరులు పెట్టుకున్న ఆశను మనిషి తన సొంత కోరికగా ఎలా మార్చుకుంటాడో అక్కడ రెండు మూడు వాక్యాల్లో ఉంది.

గ్రీటాను తీసుకున్న జట్టుకు కష్టమైన పని పడుతుంది. మొదట అన్నకు తిండి పెట్టి గది శుభ్రం చేసింది ఆమే. చివరికి ఈ జీవి ఎదుట అన్న పేరు ఉచ్చరించనని, దీన్ని వదిలించుకోవాలని చెప్పిందీ ఆమే. ఆ జట్టు తీర్పు చెప్పబోతే ఆపి, మార్పు ఏ పేజీలో మొదలైందో చూపమనండి. గ్రెగర్ చనిపోయాక తల్లిదండ్రులు ఎదిగిన కూతురిని చూసి, ఆమెకు మంచి వరుణ్ణి వెతకాలని అనుకోవడంతో కథ ముగుస్తుంది. ఖాళీ అయిన చోటు ఇప్పుడు ఎవరి కోసం ఎదురుచూస్తున్నదని అడిగితే, సాధారణంగా తరగతి కాసేపు మాట్లాడదు. జవాబు మీరు చెప్పకండి.

రెండు ముగింపులున్న నాటకం

‘ఎ డాల్స్ హౌస్’ విషయంలో నాటకంతో పాటు దాని చరిత్రను కూడా బోధించాలి. నాటకం చివర నోరా భర్తనూ పిల్లలనూ వదిలి ఇల్లు విడిచి వెళ్లిపోతుంది. 1880లో జర్మనీలో ప్రదర్శన సందర్భంగా, నోరా పాత్ర ధరించవలసిన నటి హెడ్విగ్ నీమన్ రాబె, తానైతే పిల్లలను వదిలి వెళ్లనంటూ ఆ ముగింపును నటించడానికి నిరాకరించింది. వేరెవరో మార్చడం కంటే తానే మార్చడం నయమని ఇబ్సెన్ మరో ముగింపు రాశాడు. అందులో భర్త హెల్మర్ నోరాను పిల్లల గది గుమ్మం దగ్గరికి తీసుకువెళతాడు. ఆమె అక్కడ కూలబడిపోతుంది, ఇల్లు విడిచి వెళ్లదు. ఇబ్సెన్‌కే ఆ మార్పు ఎంతమాత్రం నచ్చలేదు. రెండు ముగింపులనూ విద్యార్థుల చేత చదివించి, మధ్యలో ఏ మాటలు తీసేస్తే, ఏవి చేరిస్తే నోరా ఆగిపోయిందో గీతలు గీయించండి. పాత్ర మీద ఉన్న ఆశ నటి మీదికీ, రచయిత మీదికీ, ప్రేక్షకుల మీదికీ ఎలా పాకుతుందో ఉపన్యాసం అక్కర్లేకుండా అర్థమవుతుంది.

హెల్మర్‌ను దుర్మార్గుడని తేల్చేసి తరగతి చల్లబడిపోయే ప్రమాదం ఉంది. కనుక ఒక జట్టుకు అతని పక్షాన వాదించే పని ఇవ్వాలి. భర్తగా తాను ఏయే బాధ్యతలు నెరవేర్చానని అతను నమ్ముతున్నాడో, ప్రతిఫలంగా ఏమి రావాలని అనుకుంటున్నాడో అతని సంభాషణల నుంచే ఏరాలి. అతన్ని సమర్థించవలసిన అవసరం ఆ జట్టుకు లేదు, లెక్క చూపితే చాలు.

విద్యార్థుల సొంత ఇళ్లు

ఈ అంశాన్ని బోధించే చాలామంది మొదటి రోజే ‘మీ ఇంట్లో ఎవరు ఏం చేస్తారో రాయండి’ అని అడుగుతారు. అది సరైన పద్ధతి కాదని నా నిశ్చితాభిప్రాయం. తల్లిదండ్రులు లేనివారు, ఇంటి నుంచి విడిపోయినవారు, ఇంట్లో హింసను చూసినవారు తరగతిలో ఉండవచ్చు. మార్కుల కోసం వారు అబద్ధం రాయవలసి రావడం, లేదా చెప్పదలచుకోని నిజం రాయవలసి రావడం రెండూ అన్యాయమే. సొంత కుటుంబం గురించి రాయడాన్ని ఎప్పుడూ ఐచ్ఛికంగా ఉంచి, దానికి సమానమైన మరో పనిని పక్కనే ఇవ్వాలి. చర్చలో ‘మీ అమ్మ’ అన్న మాటకు బదులు ‘ఈ పాత్ర’ అనడం అధ్యాపకులు మొదట తాము అలవాటు చేసుకోవాలి. ఎవరైనా తనంతట తాను బాధాకరమైన విషయం బయటపెడితే, తరగతిలో దాన్ని విశ్లేషించకుండా కృతజ్ఞత చెప్పి, తర్వాత విడిగా మాట్లాడి, అవసరమైతే కాలేజీ కౌన్సెలర్ దగ్గరికి పంపాలి. పెద్దల పద్ధతే సరైనదని నమ్మే విద్యార్థికి కూడా తరగతిలో చోటు ఉండాలి. వాక్యం చూపాలన్న నియమం అతనికీ, అతనితో విభేదించేవారికీ ఒక్కటే.

రాత పని, మార్కులు

చివరి రాత పనిగా, చదివిన రచనల్లో ఒక ఘట్టాన్ని ఆ ఇంట్లోని మరొకరి వైపు నుంచి తిరగరాయమనవచ్చు. రాముడికి వినిపించిన ‘తలుపు’ పిలుపు, గ్రీటా తల్లి కుట్టుపని ముందు కూర్చున్న సాయంత్రం వంటివి తగినవి. దానితో పాటు, తిరగరాతలో తీసుకున్న ప్రతి నిర్ణయానికి మూలంలోని ఏ వాక్యం అవకాశం ఇచ్చిందో వివరించే వ్యాసాన్ని జతచేయాలి. మార్కుల్లో ఎక్కువ భాగం ఆ వివరణకే ఉండాలి, లేకపోతే శైలి బాగున్నవారే గెలుస్తారు. కుటుంబం గురించి విద్యార్థి అభిప్రాయానికి మార్కులు ఉండవని ముందే రాతపూర్వకంగా ఇవ్వండి. మొదటి చిత్తుప్రతిని తిరిగి ఇచ్చేటప్పుడు భాషాదోషాలు దిద్దే పని వాయిదా వేసి, ఆధారం కనిపించని వాక్యం పక్కన ‘ఈ ఆశ ఎవరిది?’ అని మాత్రం రాసి ఇస్తే, రెండో ప్రతిలో ఏం సరిచేయాలో విద్యార్థికే తెలుస్తుంది.