వరదలో మునిగిన బండికి సెల్ఫ్ కొట్టే ముందు

నీళ్లు తగ్గి బండి బయటపడగానే ఎవరి చెయ్యయినా ముందు తాళం మీదికే పోతుంది. దయచేసి ఆగండి. సెల్ఫ్ కొట్టొద్దు, ఇగ్నిషన్ ఆన్ కూడా చెయ్యొద్దు, నలుగురిని పిలిచి తోయించి స్టార్ట్ చేయించడం అసలే వద్దు. నీళ్లలో మునిగిన బండి చాలావరకు బాగవుతుంది, కానీ లోపల నీళ్లుండగా తిప్పిన ఇంజిన్‌ని విప్పాల్సి రావచ్చు.

ఇంజిన్ సిలిండర్‌లో పిస్టన్ పైకి వచ్చేటప్పుడు గాలైతే నొక్కుకుపోతుంది, నీళ్లు నొక్కుకుపోవు. పిస్టన్ వెళ్లి ఆ నీళ్లకు గుద్దుకుని ఆగిపోతుంది, దెబ్బంతా పిస్టన్‌ని కింద తిరిగే క్రాంకుతో కలిపే కనెక్టింగ్ రాడ్ మీద పడుతుంది. డీజిల్ ఇంజిన్‌లో పిస్టన్ పైన మిగిలే చోటు ఇంకా తక్కువ కాబట్టి కొద్దిపాటి నీళ్లే చాలు. మా కారుకి ఒక్కసారి చూద్దామని తాళం తిప్పాం, టక్ మని ఒకే చప్పుడొచ్చి ఆగిపోయింది. విప్పి చూస్తే ఒక రాడ్ వంగింది, అదీ మంచి రాడ్ పక్కన పెట్టి చూస్తే గానీ తెలియనంత వంపు. దానికే ఇంజిన్ మొత్తం దించాల్సి వచ్చింది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

బండి కడగకముందే బురద గీత ఎక్కడిదాకా ఉందో చూడండి, లోపలా బయటా ఫొటోలు తీసి ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పండి. మునిగాక స్టార్ట్ చేసినందువల్ల ఇంజిన్ పాడైందని తేలితే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. నీళ్లు కార్పెట్ దాటలేదంటే ఇంజిన్ బాగుండే అవకాశం ఎక్కువ. డ్యాష్‌బోర్డు దాకా వచ్చాయంటే, లేదా అవి సముద్రపు ఉప్పునీళ్లయితే, ఇంట్లో చేసే పని కాదు, తాళం తిప్పకుండా ట్రక్కు మీదికి ఎక్కించి పంపండి.

ఎలక్ట్రిక్, హైబ్రిడ్ బండ్ల జోలికైతే అసలు వెళ్లకండి. హై వోల్టేజీ కరెంటు పోయే నారింజ రంగు కేబుళ్లు ముట్టుకోవద్దు. నీళ్లు, ముఖ్యంగా ఉప్పునీళ్లు చేరిన లిథియం బ్యాటరీ కొన్ని రోజుల తర్వాత కూడా అంటుకోవచ్చు, కాబట్టి ఆ బండిని ఇంటికీ మిగతా బండ్లకూ కనీసం 15 మీటర్ల దూరంలో, ఆరుబయట పెట్టించి కంపెనీ సర్వీసు వాళ్లకు కబురు చేయండి.

మామూలు బండికి ముందుగా బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. తర్వాత ఇంజిన్ ఆయిల్ ఎంతుందో చూపే పుల్ల, అదే డిప్‌స్టిక్, లాగి చూడండి. ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా నురగగా ఉన్నా, ఉండాల్సిన గీత కంటే పైకి వచ్చినా లోపల నీళ్లు చేరినట్టే. మామూలు రంగులో ఉంది కదా అని వదిలేయకండి, నీళ్లు ఆయిల్ కంటే బరువు, ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే చాంబర్ అడుక్కి దిగిపోతాయి. కింద డ్రెయిన్ బోల్టు మెల్లగా వదులు చేసి మొదట ఏం కారుతుందో చూడండి, ఆయిల్ కంటే ముందు నీళ్లు జారితే ఇక అనుమానమే లేదు. నీళ్లు కనిపిస్తే ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ రెండూ మార్చాకే ముందుకెళ్లాలి.

ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీయండి. ఫిల్టర్ పొడిగా, డబ్బా అడుగు శుభ్రంగా ఉంటే ఇంజిన్ నీళ్లు పీల్చి ఉండదని చాలావరకు నమ్మొచ్చు. తడిగా ఉన్నా, డబ్బాలో సన్నటి ఒండ్రు పేరుకున్నా స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పాలి. అప్పుడు క్రాంకు చివర బెల్టు తిప్పే చక్రం, అంటే క్రాంక్ పుల్లీ, బోల్టుకి స్పానర్ వేసి, ఇంజిన్ తిరిగే వైపే చేత్తో మెల్లగా రెండు పూర్తి చుట్లు తిప్పండి. నీళ్లుంటే ప్లగ్గు రంధ్రాల్లోంచి బయటికొస్తాయి, కాబట్టి మొహం దగ్గరగా పెట్టొద్దు. ఎక్కడైనా గట్టిగా పట్టేస్తే బలవంతం చేయొద్దు, అక్కడితో ఆపి మెకానిక్‌ని పిలవండి. సాఫీగా తిరిగితే ఒక్కో రంధ్రంలో కాస్త ఇంజిన్ ఆయిల్ వేసి మళ్లీ తిప్పండి. డీజిల్‌కి స్పార్క్ ప్లగ్గులుండవు, ఇంజెక్టర్లు గానీ గ్లో ప్లగ్గులు గానీ తీయాలి, అది మెకానిక్ పనే. బైకుకైతే ఇదంతా చాలా సులువు: ప్లగ్గు తీసి కిక్ మెల్లగా నొక్కుతూ పోవడం, కార్బొరేటర్ డ్రెయిన్ స్క్రూ తిప్పి వదిలేయడం, సైలెన్సర్‌లో నిలిచిన నీళ్లు వంచేయడం.

పెట్రోల్, డీజిల్ సంగతి చాలామంది మర్చిపోతారు. ట్యాంకులోకి చేరిన నీళ్లు కూడా అడుక్కే దిగుతాయి, పంపు లాగేదీ అక్కడినుంచే. కొంచెం ఇంధనం గాజు సీసాలోకి తీసి పది నిమిషాలు కదపకుండా ఉంచితే అడుగున నీళ్లు వేరే పొరగా కనిపిస్తాయి. అలా కనిపిస్తే ట్యాంకు ఖాళీ చేయాల్సిందే. డీజిల్ ఫిల్టర్ కింద నీళ్లు వదిలే ట్యాప్ ఉంటుంది, అదీ తెరవండి. ఈ పని చేసేటప్పుడు దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

వైరింగ్ దగ్గర తొందరపడొద్దు. ఫ్యూజు డబ్బా, రిలేలు, అందిన ప్రతి కనెక్టరూ ఊడదీసి మంచినీళ్లతో బురద పోగొట్టి గాలి కొట్టి, కాంటాక్ట్ క్లీనర్ చల్లి బాగా ఆరనివ్వండి. పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగులవి, వాటిని ముట్టుకోకండి. పచ్చగా చిలుము పట్టిన పిన్ను ఇవాళ పనిచేసినా వారం తర్వాత నడిరోడ్డు మీద ఆపేస్తుంది.

ఇవన్నీ అయ్యాక ప్లగ్గులు బిగించి, బ్యాటరీ కలిపి సెల్ఫ్ కొట్టండి. డ్యాష్‌బోర్డులో ఏ లైటూ రాకపోతే బ్యాటరీ లేదా మెయిన్ ఫ్యూజు. లైట్లొచ్చి టిక్కుటిక్కుమంటే బ్యాటరీ డౌన్ అయింది, లేదా సెల్ఫ్ మోటారులో తడి ఉంది. దడ్ మని ఆగితే రెండోసారి ప్రయత్నించొద్దు, సిలిండర్‌లో ఇంకా నీళ్లున్నాయి. తిరుగుతూనే ఉండి అంటుకోకపోతే స్పార్కూ, పెట్రోల్ పంపు చప్పుడూ, తడిసిన సెన్సర్లూ చూడాలి.

స్టార్ట్ అయితే పది నిమిషాలు న్యూట్రల్‌లో తిరగనిచ్చి ఆపి, డిప్‌స్టిక్ మళ్లీ చూడండి. తెల్లగా మారితే ఆయిల్ మరోసారి మార్చాలి. గేర్ ఆయిల్ కూడా పరీక్షించే వరకు దూరం తీసుకెళ్లొద్దు. కదిలించిన మొదటి కొన్ని మీటర్లు నడక వేగంతో పోతూ బ్రేకు మెల్లగా పదేపదే నొక్కండి, తడి డ్రమ్ములు ఆరేదాకా బండి మీరు అనుకున్న చోట ఆగదు.