తాళంచెవి చెప్పుల స్టాండ్‌లో పెట్టడం మానేశాం

మేమిద్దరం ఉదయం ఎనిమిదిన్నరకే ఆఫీసులకు వెళ్లిపోతాం. ఇంటి పనికి వచ్చే అక్క పదకొండు దాటితే గానీ రాదు. ఏడాదిపాటు తాళంచెవిని చెప్పుల స్టాండ్‌లో పాత బూటు లోపల పెట్టి వెళ్లాం. ఒకరోజు సాయంత్రం ఆరింటికి వచ్చి చూస్తే అది లేదు. రాత్రి తొమ్మిదికి అక్కే ఫోన్ చేసి, పొరపాటున కొంగుకు ముడేసుకుని వెళ్లిపోయానని చెప్పింది. ఆ మూడు గంటల టెన్షన్ కన్నా, ఆమెను అనుమానించానన్న బాధే నాకు ఎక్కువైంది.

ఆ వారమే నంబరుతో తెరుచుకునే డిజిటల్ తాళం బిగించాం. అక్కకు విడిగా ఒక నంబరు ఇచ్చాం. ఆదివారం తప్ప మిగతా రోజుల్లో 10:30 నుంచి 1 గంట వరకే అది పనిచేస్తుంది. తలుపు ఎప్పుడు తెరిచారో యాప్‌లో నమోదవుతుంది. ఆ సంగతి ఆమెకు ముందే చెప్పాం, చెప్పకపోవడం తప్పని నా ఉద్దేశం. మొదట వేలిముద్ర పెట్టి చూశాం. అంట్లు తోమి తోమి ఆమె వేళ్ల గీతలు అరిగిపోయాయి, సెన్సర్ పట్టలేదు.

బ్యాటరీల సంగతి మాత్రం మర్చిపోకండి. మా తాళానికి నాలుగు ఏఏ సెల్స్ కావాలి. అవి పూర్తిగా అయిపోతే, బయటివైపు కింద ఉన్న పిన్నులకు 9 వోల్టుల బ్యాటరీ ఆనించి నంబరు కొట్టాలి. దానితో వచ్చిన మామూలు తాళంచెవిని పక్కవీధిలో ఉండే మా పిన్ని దగ్గర ఉంచాం.

అక్క ఊరెళ్తే ఆమె చెల్లెలు వస్తుంది. ఆ రెండు రోజులకే పనిచేసే నంబరును ఆఫీసు నుంచే పంపుతున్నాను.