ఉత్తర ఫ్రీజియాను కట్ట దగ్గర మొదలుపెట్టి చదవడం ఎలా

ఉత్తర జర్మనీలోని ఫ్లెన్స్‌బుర్గ్‌కో కీల్‌కో చదువుకు బయలుదేరుతున్న వరంగల్, ములుగు విద్యార్థులు ఆ పక్కనే ఉన్న ఉత్తర ఫ్రీజియాను తెలుసుకోదలిస్తే, రాజుల పేర్లతో కాక నేల ఎత్తుపల్లాలతో మొదలుపెట్టడం మేలు. అక్కడ చరిత్ర చాలావరకు నీటికీ నేలకూ మధ్య జరిగిన తగవే.

ముందుగా పటంలో డెన్మార్క్ సరిహద్దుకు దక్షిణాన, ఉత్తర సముద్రపు అంచున ఉన్న హూజుమ్ పట్టణాన్ని గుర్తించి, తూర్పు నుంచి పడమరకు మూడు పట్టీలు గీసుకోవాలి. మంచుయుగం వదిలిన ఇసుక మెరక ‘గేస్ట్’, దాని దిగువన ఒండ్రు పల్లం ‘మార్ష్’, ఆ తరువాత రోజుకు రెండుసార్లు మునిగి తేలే బురద మైదానం ‘వాట్’.

ఇక మన పాకాల చెరువు కట్టను గుర్తు తెచ్చుకొని, దాన్ని తిరగేసి ఆలోచించాలి. మన కట్ట నీటిని లోపల నిలుపుతుంది. అక్కడి ‘డైక్’ సముద్రాన్ని బయటే ఆపుతుంది. మన తూము చెరువు నీటిని పొలానికి వదిలితే, వారి ‘జీల్’ పొలంలో చేరిన వాననీటిని ఆటు వేళ సముద్రంలోకి వదులుతుంది. పాత పద్ధతి జీల్ తలుపులను మూయడానికి నీరటికాడు అక్కరలేదు, పోటు నీటి ఒత్తిడే మూసేస్తుంది. ఇలా సముద్రం నుంచి రాబట్టిన పొలాన్ని ‘కోగ్’ అంటారు. ఎత్తైన కట్టల రక్షణ లేని ‘హల్లిగ్’ అనే చిన్న దీవులు పది ఉన్నాయి. తుఫాను పోటుకు పచ్చికంతా మునిగినప్పుడు, మట్టి దిబ్బల మీద కట్టుకున్న ఇళ్లు మాత్రమే నీటిపైన కనిపిస్తాయి.

చరిత్రలో రెండు ఉప్పెనలను తప్పక గుర్తుంచుకోవాలి. 1362 జనవరిలో రుంగ్‌హోల్ట్ అనే రేవు ఊరు మునిగిపోయింది. ఉప్పు కోసం పీట్ మట్టిని (మొక్కలు కుళ్లి పేరుకున్న మట్టిని) తవ్వి తవ్వి అక్కడి నేలను మనుషులే పల్లం చేసుకున్నారన్నది నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. 1634 అక్టోబరులో స్ట్రాండ్ అనే పెద్ద దీవి ముక్కలై, పెల్‌వోర్మ్, నోర్డ్‌స్ట్రాండ్ మిగిలాయి. రాజకీయం క్లుప్తంగా చాలు: 1864 యుద్ధంతో ప్రాంతం డెన్మార్క్ రాజు చేతినుంచి జారింది, 1867లో ప్రష్యా అనే జర్మన్ రాజ్యంలో కలిసింది, 1920 ప్రజాభిప్రాయ సేకరణలో జర్మనీలోనే ఉండిపోయింది.

భాష దగ్గర చాలామంది ప్లాట్‌ను, ఫ్రీజియన్‌ను ఒకటే అనుకొని పొరబడతారు. ప్లాట్ అంటే దిగువ జర్మన్. దక్షిణాన జరిగిన హల్లుల మార్పు దానికి అంటలేదు కనుక, ప్రామాణిక జర్మన్‌లోని ‘వాసర్’, ‘మాఖెన్’ అక్కడ ‘వాటర్’, ‘మాకెన్’గానే నిలిచాయి. ఫ్రీజియన్ వేరే భాష, ఇంగ్లీషుకు దగ్గరి చుట్టం. జూల్ట్, ఫ్యోర్, ఆమ్రుమ్ దీవుల్లో దేని మాండలికం దానిదే. 2004లో ఒక రాష్ట్ర చట్టం ఫ్రీజియన్‌కు ప్రభుత్వ కార్యాలయాల్లో చోటిచ్చింది. రైలు స్టేషన్లలో రెండు భాషల పేరు పలకలను చదవడం మంచి అభ్యాసం. మన పల్లి, కుంట, కొండలు ఊరి పుట్టుకను చెప్పినట్టే, ‘ఉమ్’, ‘బ్యుల్’, ‘కోగ్’ అనే తోకలు అక్కడి ఊళ్ల సంగతి చెబుతాయి.

చివరగా నడిచి చూడవలసింది వాట్. పోటు వేళల పట్టిక చూసుకోకుండా, దారి తెలిసిన మనిషి తోడు లేకుండా అందులోకి దిగకూడదు. నీరు ముందుగా లోతైన పాయల్లో నిండి, మనం గమనించేలోపే ఒడ్డుకు తిరిగి వెళ్లే దారిని మూసేస్తుంది.